థైరాయిడ్‌లో గడ్డ, రిపోర్టులో టైరాడ్స్ 4: ఆపరేషన్‌కి ముందు జరగాల్సినవి

చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది కావలి. అమ్మగారికి 52 ఏళ్ళు. గొంతు మంటగా ఉందని వెళ్తే మెడ స్కాన్ తీశారు. థైరాయిడ్ కుడివైపు 18 మిల్లీమీటర్ల గడ్డ కనబడింది, రిపోర్టు చివర టైరాడ్స్ 4 అని రాశారు. టైరాడ్స్ అంటే స్కాన్‌లో గడ్డ ఎంత అనుమానంగా ఉందో చెప్పే తరగతి. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే రక్తపరీక్ష, 2.1 వచ్చింది, అది మామూలే. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేసి తీసేద్దామన్నారు. ఇంకొకరు 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాసి, ఆరు నెలలు వేసుకుంటే కరిగిపోతుందన్నారు. మూడు వారాలుగా మాత్ర వేసుకుంటున్నారు. ఇది కేన్సరా, ఎవరి మాట వినాలి, మాత్ర ఉంచాలా మానాలా అని అడిగారు.

ఆ రెండు సలహాలకీ మధ్య ఒక మెట్టు ఉంది, ఇద్దరూ దాన్ని దాటేశారు. అదే సూది పరీక్ష, ఎఫ్ఎన్ఏసీ, అంటే సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి మైక్రోస్కోపులో చూడటం. అది చేయకుండా మెడ కోయడం ఎంత తొందరో, అది చేయకుండా మాత్ర మింగుతూ కూర్చోవడం అంత నిర్లక్ష్యం. అమెరికన్ రేడియాలజీ కాలేజీ 2017లో పెట్టిన లెక్క ప్రకారం టైరాడ్స్ 4 గడ్డ 15 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే సూది పరీక్ష చేయాలి. మీ అమ్మగారిది 18, అంటే హద్దు దాటింది. హద్దు దాటిందంటే కేన్సర్ అని అర్థం కాదు. ఈ తరగతి గడ్డల్లో నూటికి 5 నుంచి 20 దాకా కేన్సర్‌గా తేలతాయి, మిగిలినవి కావు. రెండు మూడు వారాలు ఆగి పరీక్షలు వరసగా చేయించుకున్నంత మాత్రాన ఇలాంటి గడ్డ విషయంలో కొంపలేమీ మునగవు.

మనవైపు మెడలో ఏది ఉబ్బినా గడ్డే. దవడ కింద బిళ్ళ (లింఫు గ్రంథి) కట్టినా గడ్డే, గవదబిళ్ళలైనా గడ్డే. థైరాయిడ్ ఉండే చోటు వేరు. గొంతు ముందు భాగంలో కంఠం ముడికి కింద, శ్వాసనాళానికి అటూ ఇటూ రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది, ఒక్కో రెక్క నాలుగైదు సెంటీమీటర్లు. ఇంట్లో చూసుకోవాలంటే అద్దం ముందు కూర్చుని గడ్డం కాస్త పైకెత్తి, నోట్లో గుక్కెడు నీళ్ళు పోసుకుని మింగాలి. మింగేటప్పుడు గడ్డ పైకి లేచి మళ్ళీ కిందికి దిగితే అది థైరాయిడ్‌దో, దాన్ని అంటుకుని ఉన్నదో. నాలుక బయటికి చాపినప్పుడు కూడా పైకి లేస్తే పుట్టుకతో మిగిలిపోయిన తిత్తి అయి ఉండొచ్చు. మెడ పక్కన ఉండి మింగినా కదలకపోతే అది చాలావరకు బిళ్ళే, దాని దారి వేరు.

ఈ గడ్డలు ఎంత మామూలో తెలిస్తే సగం భయం తగ్గుతుంది. చేతికి తగిలేవి నూరుమంది పెద్దవాళ్ళలో నాలుగు నుంచి ఏడుగురికి ఉంటాయి. స్కాన్ మిషన్ పెట్టి వెతికితే ఆ లెక్క ఇరవై నుంచి అరవై దాటి పోతుంది. వయసు పెరిగేకొద్దీ, అందులోనూ ఆడవాళ్ళలో, ఎక్కువ. అందుకే ఏ ఇబ్బందీ లేనివాళ్ళు హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని మెడ స్కాన్ తీయించుకోవడం నాకు నచ్చదు. దక్షిణ కొరియాలో 1999 నుంచి కేన్సర్ చెకప్‌లు ఊపందుకుని, వాటితోపాటు మెడ స్కాన్ కూడా అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ కేన్సర్ కేసులు 1993 నాటికంటే 15 రెట్లయ్యాయి. ఆ కేన్సర్‌తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. ఎప్పటికీ బాధపెట్టని చిన్న చిన్న గడ్డలకి వేలమంది మెడలు కోయించుకున్నారన్నమాట. మీ అమ్మగారి విషయంలో గడ్డ కనబడిపోయింది, ఇక చూడనట్టు ఊరుకోలేం. దాన్ని సరిగ్గా అంచనా వేయడమే పని.

ముందుగా గొంతు మంట సంగతి. 18 మిల్లీమీటర్ల గడ్డ మంట పుట్టించదు. అది కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య ఎంత ఎడం ఉంటోందో, కారం ఎంత పడుతోందో చూడండి. ఆ మంటకి ఈ గడ్డకి ముడిపెట్టి ఆపరేషన్ చేయిస్తే గడ్డ పోతుంది, మంట అలాగే ఉంటుంది.

అసలు కంగారు పడాల్సినవి వేరు. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తేరుకోకపోవడం, గడ్డ వారాల్లో కళ్ళ ముందే పెరగడం, రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, మెడ పక్కన కొత్తగా బిళ్ళలు రావడం, చిన్నప్పుడు తలకో మెడకో రేడియేషన్ ఇచ్చి ఉండటం, తోబుట్టువుల్లోనో కన్నవాళ్ళలోనో థైరాయిడ్ కేన్సర్ ఉండటం. గడ్డ మగవాళ్ళకి వచ్చినా, ఇరవై ఏళ్ళలోపు పిల్లలకి వచ్చినా అనుమానం ఒక మెట్టు ఎక్కువే. పిల్లల్లో గడ్డలు అరుదు, వస్తే కేన్సర్ పాలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ. పడుకుంటే ఊపిరాడకపోయినా, రెండు చేతులూ తల పైకి ఎత్తి నిమిషం ఉంచితే ముఖం ఎర్రబడి ఉబ్బినా గడ్డ ఛాతీలోకి దిగి నొక్కుతోందని గుర్తు. గాలి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తే ఆ రోజే నెల్లూరో ఒంగోలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, మరుసటి రోజు దాకా ఆగకూడదు. ఇంకొకటి ఉంది, జనాన్ని బాగా హడలగొడుతుంది: రాత్రికి రాత్రి గడ్డ నొప్పితో పొంగడం. చూడటానికి భయంగా ఉన్నా ఎక్కువసార్లు అది నీటితిత్తిలో రక్తం కారడం వల్లే. కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

రక్తపరీక్షల్లో మొదట కావాల్సింది టీఎస్‌హెచ్ ఒక్కటే. దీనికి పరగడుపు అక్కర్లేదు. అది మామూలు కంటే తక్కువగా ఉంటే గడ్డ సొంతంగా హార్మోన్ తయారుచేస్తోందేమోనని ఐసోటోప్ స్కాన్ తీస్తారు. టెక్నీషియమో అయోడినో కొద్దిగా ఇచ్చి, గడ్డ దాన్ని ఎంత పీలుస్తుందో చూస్తారు. బాగా పీలిస్తే వేడి గడ్డ అంటారు. అందులో కేన్సర్ చాలా అరుదు, సూది కూడా అక్కర్లేదు, వైద్యం వేరే దారిలో పోతుంది. ఆ స్కాన్ ప్రతి ఊళ్ళో దొరకదు, మనవాళ్ళు తిరుపతో వెల్లూరో చెన్నయ్యో పోతారు. మీ అమ్మగారి టీఎస్‌హెచ్ 2.1 కాబట్టి ఆ ప్రయాణం తప్పింది. గర్భిణులకి ఈ స్కాన్ చేయరు. సూది పరీక్ష మాత్రం గర్భంలోనూ చేయొచ్చు.

టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది కాబట్టి కేన్సర్ కాదు అనుకోవద్దు. థైరాయిడ్ కేన్సర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు, టీఎస్‌హెచ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. గ్రంథి పనిచేయడం ఒక సంగతి, దానిలో గడ్డ స్వభావం ఇంకో సంగతి. థైరోగ్లోబులిన్ అని ఒక పరీక్ష రాస్తుంటారు. ఆపరేషన్ అయ్యాక అది పనికొస్తుంది, గడ్డ మంచిదో చెడ్డదో తేల్చడానికి కాదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు మానేయాలి. కొన్ని ల్యాబ్ మిషన్లలో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా చూపిస్తుంది. దాంతో లేని జబ్బుకి మందులు మొదలవుతాయి.

ఇక స్కాన్ రిపోర్టు. టైరాడ్స్ 4 అన్న ఒక్క ముక్క పట్టుకుని వేలాడకండి. ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి. అమెరికన్ పద్ధతిలో గడ్డకి ఐదు విషయాల్లో మార్కులు వేసి కూడతారు. లోపల ఏముంది అన్నది మొదటిది: పూర్తిగా నీటితిత్తి అయినా, స్పాంజిలా గుల్లగుల్లగా ఉన్నా సున్నా, నీరూ కండా కలిసి ఉంటే 1, మొత్తం గట్టి కండ అయితే 2. రెండోది నలుపు. చుట్టూ ఉన్న గ్రంథితో సమానంగానో తెల్లగానో ఉంటే 1, దానికంటే నల్లగా ఉంటే 2, మెడ కండరం కంటే కూడా నల్లగా ఉంటే 3. నల్లగా ఉండటాన్నే రిపోర్టులో హైపోఎకోయిక్ అంటారు. మూడోది ఆకారం: మెడ అడ్డంగా చూసినప్పుడు గడ్డ వెడల్పు కంటే లోతు ఎక్కువైతే, అంటే పడుకున్నట్టు కాక నిలబడ్డట్టు ఉంటే, ఒక్కసారే 3. నాలుగోది అంచు. నున్నగా ఉన్నా, సరిగ్గా కనబడకపోయినా సున్నాయే. వంకరటింకరగానో ముళ్ళుముళ్ళుగానో ఉంటే 2, గ్రంథి దాటి బయటికి పాకితే 3. ఐదోది తెల్ల చుక్కలు. తోకచుక్కలా పెద్ద తోకతో మెరిస్తే అది లోపలి జిగురు పదార్థం, మార్కు లేదు. పెద్ద సున్నపు ముక్కలకి 1, అంచు చుట్టూ గాజులా ఉంటే 2, ఇసుక రేణువుల్లాంటి సన్న చుక్కలకి 3.

కూడితే 3 వస్తే టైరాడ్స్ 3, 4 నుంచి 6 దాకా టైరాడ్స్ 4, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే 5. ఇక్కడే కిటుకు ఉంది. గట్టి కండకి 2, నలుపుకి 2, అంతే అయితే 4 మార్కులు. దానికి వంకర అంచు కలిస్తే 6. రెండూ టైరాడ్స్ 4 అనే రాస్తారు, కానీ రెండో గడ్డ 5కి గుమ్మంలో నిలబడి ఉంది. అందుకే మార్కులు విడివిడిగా రాయమని అడగండి, మూడు కొలతలూ రాయమనండి, మెడ రెండు పక్కలా బిళ్ళలు చూశారో లేదో రాయమనండి. గడ్డ చూసి బిళ్ళలు చూడకుండా వదిలేసిన స్కాన్ సగం స్కానే. బిళ్ళ గుండ్రంగా ఉండి, మధ్యలో ఉండాల్సిన కొవ్వు గీత పోయి, లోపల సన్న చుక్కలో నీళ్ళో కనబడితే అప్పుడు గడ్డ కొలతతో పనిలేకుండా ముందు ఆ బిళ్ళకే సూది వేయాలి.

ఇంకో చిక్కు. టైరాడ్స్ అన్న పేరు ఒకటే అయినా అమెరికా, యూరప్, కొరియా పద్ధతులు వేరు వేరు. హద్దులూ ఒకటి కావు. టైరాడ్స్ 3కి అమెరికన్ హద్దు 25 మిల్లీమీటర్లు, యూరప్ హద్దు 20. టైరాడ్స్ 5కి రెండు పద్ధతుల్లోనూ 10. రిపోర్టులో ఏ పద్ధతో రాయకపోతే ఫోన్ చేసి అడగడంలో తప్పేమీ లేదు. గడ్డలు నాలుగైదు ఉంటే అన్నిటికంటే పెద్దదానికే సూది వేస్తారన్న మాట కూడా సరికాదు. ఎక్కువ మార్కులు వచ్చినదానికి వేయాలి, అది చిన్నదైనా సరే. చాలా గడ్డలున్నాయి కాబట్టి కేన్సర్ కాదు అనే పాత ధైర్యం కూడా పనికిరాదు.

సీటీ, ఎమ్మారై, పెట్ స్కాన్‌లు ఈ దశలో అక్కర్లేదు. గడ్డ లోపలి స్వభావం చెప్పడంలో మామూలు అల్ట్రాసౌండ్ వాటికంటే మెరుగు, ఖర్చూ తక్కువ. వేరే జబ్బుకి పెట్ స్కాన్ తీసినప్పుడు థైరాయిడ్‌లో ఒక్కచోట వెలిగితే మాత్రం వదలకూడదు. అలాంటివాటిలో మూడింట ఒకటి దాకా కేన్సర్‌గా తేలతాయి.

సూది పరీక్ష అనగానే మనవాళ్ళకి రెండు భయాలు. సూది గుచ్చితే పాకుతుంది అన్నది ఒకటి. ఇది ఎంత అరుదంటే, ఆ భయంతో పరీక్ష మానుకుంటే జరిగే నష్టం దానికి ఎన్నో రెట్లు. రెండోది నొప్పి. వాడేది 25 గేజి సూది, రక్తం తీసే సూది కంటే సన్నం. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాల్చమంటారు. సూది లోపల ఉండేది పది ఇరవై సెకండ్లు, ఆ కాసేపు మింగకూడదు, మాట్లాడకూడదు, దగ్గకూడదు. రెండు మూడు సార్లు వేరు వేరు చోట్ల తీస్తారు. అయ్యాక ఐదు పది నిమిషాలు దూదితో గట్టిగా అదిమి పట్టాలి. పరగడుపు అక్కర్లేదు, కుట్లు ఉండవు, ఆ సాయంత్రమే ఇంటికి రావచ్చు. ఆస్పిరిన్ వాడేవాళ్ళు సాధారణంగా ఆపనక్కర్లేదు. వార్‌ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

పరీక్ష చెడిపోయేది ఎక్కడ? మొదటిది, స్కాన్ చూడకుండా చేత్తో తడిమి గుచ్చడం. గడ్డలో నీళ్ళూ కండా రెండూ ఉంటే సూది నీళ్ళలోకి పోతుంది, సిరంజి నిండా గోధుమరంగు నీళ్ళు వస్తాయి, కణాలు రావు. స్కాన్ తెరమీద చూస్తూ కండ ఉన్న చోటే సూది పెట్టాలి. అలా చేసే చోటికే వెళ్ళండి. రెండోది, సిరంజితో గట్టిగా లాగడం. థైరాయిడ్‌కి రక్తసరఫరా ఎక్కువ, లాగితే రక్తమే వస్తుంది, కణాలు అందులో మునిగిపోతాయి. అందుకే చాలాసార్లు లాగకుండా, ఉత్త సూదినే ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. మూడోది స్లైడు. కొన్ని స్లైడ్లు గాలికి ఆరబెట్టాలి, కొన్నిటిని పూసిన మరుక్షణమే 95 శాతం ఆల్కహాల్లో ముంచాలి. ఆ రెండో రకాన్ని కాసేపు గాలికి వదిలేస్తే కణాల కేంద్రకాలు ఉబ్బి రూపు చెడతాయి. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న పాథాలజిస్టు ఎంత నిపుణుడైనా అప్పుడు చేసేదేమీ లేదు. క్లినిక్‌లో సూది తీసి, స్లైడ్లు కాగితంలో చుట్టి, ఇంకో ఊరి ల్యాబ్‌కి బస్సులో పంపే చోట ఈ తప్పు సులువుగా జరుగుతుంది. మెడికల్ కాలేజీ ఉన్న ఆసుపత్రుల్లో రేడియాలజీ, పాథాలజీ ఒకే ఆవరణలో ఉండటం వల్ల ఈ గొడవ తక్కువ. మీకు నెల్లూరు, ఒంగోలు రెండూ అందుబాటులోనే ఉన్నాయి.

రిపోర్టు బెథెస్డా పద్ధతిలో, ఆరు తరగతుల్లో వస్తుంది. అమెరికాలో ఆ ఊళ్ళో 2007లో జరిగిన సమావేశం వల్ల ఆ పేరు. దాని తాజా కూర్పు 2023ది, కింది శాతాలు అందులోని సగటులు. ఒకటో తరగతి అంటే చాలినన్ని కణాలు రాలేదని. ఒక్కో గుంపులో కనీసం 10 కణాలు, అలాంటి గుంపులు కనీసం 6 ఉంటేనే చాలినట్టు లెక్క. ఇది మంచి రిపోర్టు కాదు, చెడ్డ రిపోర్టూ కాదు, రిపోర్టే కాదు. మళ్ళీ తీయించాల్సిందే. ఏమీ లేదట అని సంతోషపడి ఇంటికొచ్చేసేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

రెండో తరగతి నిరపాయం. కొల్లాయిడ్ గాయిటర్ అనో, అడినోమాటాయిడ్ నాడ్యూల్ అనో, హషిమోటో అనో రాస్తారు. ఇందులో తర్వాత కేన్సర్‌గా తేలేవి నూటికి నాలుగు. స్కాన్ మార్కులు మరీ ఎక్కువగా ఉండి సూది రిపోర్టు రెండో తరగతి వస్తే మాత్రం రెండిట్లో ఏదో పొరబడిందని అనుకుని ఏడాదిలోపు మళ్ళీ స్కాన్, మళ్ళీ సూది. ఆరో తరగతి అంటే కేన్సరే, నూటికి 97. ఐదు అంటే గట్టి అనుమానం, నూటికి 74. ఈ రెండిటికీ ఆపరేషన్ దారే.

చిక్కంతా మూడు, నాలుగులతో. మూడు అంటే కణాలు కాస్త తేడాగా ఉన్నాయి, తేల్చి చెప్పలేం అని. నూటికి 22 దాకా కేన్సర్. మళ్ళీ ఒకసారి సూది తీస్తే ఎక్కువసార్లు ఏదో ఒక వైపుకి తేలుతుంది. నాలుగు ఫాలిక్యులర్ నియోప్లాజం, నూటికి 30. ఇక్కడ జనం డాక్టర్‌ని తిట్టుకుంటారు, సూది పరీక్ష చేసి కూడా కేన్సరో కాదో చెప్పలేదని. తప్పు డాక్టరుది కాదు. ఫాలిక్యులర్ గడ్డ కేన్సర్ అవునో కాదో ఒక్కో కణం చూస్తే తెలియదు. కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొరని చీల్చుకుని బయటికో రక్తనాళంలోకో పోయాయా అన్నదే తేడా. ఆ పొర మొత్తం చేతికొస్తేనే అది కనబడుతుంది. అందుకని గడ్డ ఉన్న వైపు రెక్క ఒక్కటే తీసి చూస్తారు. మొత్తం గ్రంథి తీసేయాలని ఎవరైనా అంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

మెడల్లరీ కేన్సర్ అని ఒక అరుదైన రకం ఉంది, దానికి రక్తంలో కాల్సిటోనిన్ ఎక్కువగా ఉంటుంది. వంశంలో ఆ కేన్సర్ ఉన్నా, సూది రిపోర్టులో ఆ మాట వచ్చినా కాల్సిటోనిన్ తప్పక చేయించాలి.

ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న బిల్లు ఎంత అని కాదు, మీరు ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు అని. ఏడాదికి 25కి పైగా చేసే సర్జన్ల చేతిలో ఇబ్బందులు తక్కువని అమెరికాలో పెద్ద లెక్కలు తీసి తేల్చారు. ఆ ఇబ్బందులు ముఖ్యంగా రెండు. గ్రంథి వెనకే స్వరపేటికకి పోయే నరం ఉంటుంది, అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. గోధుమగింజంత ఉండే నాలుగు పారాథైరాయిడ్‌లు గ్రంథికి అతుక్కుని ఉంటాయి. అవి దెబ్బతింటే కాల్షియం పడిపోయి వేళ్ళ కొసలు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. ఒక్క రెక్క తీసినప్పుడు రెండోవైపు నరం, పారాథైరాయిడ్‌లు జోలికి పోకుండా ఉంటాయి, జీవితాంతం మాత్ర వేసుకోవాల్సిన అవసరం కూడా చాలామందికి రాదు. ఆపరేషన్‌కి ముందు ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంత్రులు చూపించండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ దాని కింద చేస్తారో లేదో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

సెంటీమీటరు కూడా లేని పాపిల్లరీ కేన్సర్ (థైరాయిడ్ కేన్సర్లలో ఎక్కువగా కనబడే రకం) తేలి, బిళ్ళలు లేకపోతే, ఆపరేషన్ లేకుండా స్కాన్‌లతో గమనిస్తూ ఉండటం కూడా ఒక పద్ధతే. జపాన్‌లో కోబే నగరంలోని కుమా ఆసుపత్రి 1993లోనే మొదలుపెట్టింది. మీ అమ్మగారి గడ్డ అంతకంటే పెద్దది కాబట్టి ఇది ఆమెకి వర్తించదు. మాట వచ్చింది కాబట్టి చెప్పాను.

రెండో తరగతి వస్తే తర్వాత గమనించడం ఎలా? గడ్డ పెరిగిందని ఎప్పుడు అనాలో ముందు తెలియాలి. మూడు కొలతల్లో కనీసం రెండు 20 శాతం చొప్పున, తక్కువలో తక్కువ 2 మిల్లీమీటర్లు పెరగాలి, లేదా ఘనపరిమాణం సగానికి పైగా పెరగాలి. ఘనపరిమాణానికి మూడు కొలతల్నీ గుణించి 0.52తో మళ్ళీ గుణిస్తారు. ఉదాహరణకి 18, 12, 15 మిల్లీమీటర్ల గడ్డ సుమారు 1.7 మిల్లీలీటర్లు. ఏడాది తర్వాత 20, 14, 16 అని రిపోర్టు వస్తే ఇంట్లో అందరూ బెంబేలెత్తుతారు. లెక్క కడితే 2.3 మిల్లీలీటర్లు, పెరుగుదల 38 శాతం. ఏ కొలతా 20 శాతం పెరగలేదు. పెరిగినట్టు కాదు. చేతులు మారితే ఆ మాత్రం తేడా వస్తుంది. అందుకే వీలైతే ప్రతిసారీ ఒకే చోట స్కాన్ చేయించండి, పాత రిపోర్టు తీసుకుపోండి. సూది స్లైడ్లు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని దాచండి. రేపు వెల్లూరు వెళ్ళినా తిరుపతి వెళ్ళినా రిపోర్టు కాగితం కంటే ఆ గాజుపలకలకే విలువ ఎక్కువ, రెండోసారి సూది పొడిపించుకునే పని తప్పొచ్చు.

పథ్యం గురించి. ఈ గడ్డకి పథ్యం లేదు. ఉడికించిన క్యాబేజీ తింటే పెరగదు, చేపల పులుసు మానితే తగ్గదు. పసుపు పట్లు, పసర్లు, నూనె రాసి మర్దనలు లోపలి గడ్డని కరిగించవు. చర్మం పొక్కితే మాత్రం స్కాన్‌కీ సూదికీ అడ్డం. ఉప్పు సంగతి వేరుగా చెప్పాలి. ఇస్కపల్లి, కనపర్తి వైపు ఉప్పు కొఠార్ల పక్కన కాపురముంటూ వంటకి కూడా రాళ్ళ ఉప్పే వాడే ఇళ్ళు మనకి ఉన్నాయి. సముద్రం నీళ్ళతో చేసింది కదా, అయోడిన్ ఉంటుందని నమ్మకం. ఎండలో ఆరబెట్టిన ఉప్పులో మిగిలే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. ప్యాకెట్ ఉప్పులో ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 15 పాళ్ళు) అయోడిన్ ఉండాలని నిబంధన. అయోడిన్ తక్కువైతే ఏళ్ళ తరబడి గ్రంథి పెరిగి గడ్డలు కడుతుంది. రాళ్ళ ఉప్పు ఊరగాయకి వాడుకోండి, కూరలోకి ప్యాకెట్ ఉప్పు వేయండి. ఇప్పటికే ఉన్న గడ్డని మాత్రం ఏ ఉప్పూ కరిగించదు.

చివరిగా మాత్ర. గడ్డని కరిగించడానికి థైరాయిడ్ మాత్ర ఇవ్వడం ఒకప్పటి అలవాటు, ఇప్పుడు ఇవ్వకూడదనే చెబుతున్నారు. గడ్డ తగ్గేది అంతంతమాత్రం. టీఎస్‌హెచ్‌ని అణగదొక్కితే గుండె లయ తప్పే, ముట్లుడిగిన వయసులో ఎముకలు గుల్లబారే ప్రమాదం పెరుగుతుంది. 2.1 ఉన్న మనిషికి ఈ మాత్ర అవసరం లేదు. రాసిన డాక్టరుతో ఒక మాట చెప్పి మానేయవచ్చు. ఈ మందు సగానికి తగ్గడానికి ఒంట్లో వారం పడుతుంది, తనంతట తనే మెల్లగా దిగుతుంది కాబట్టి మూడు వారాలు వాడినదాన్ని కొద్దికొద్దిగా తగ్గించే పని కూడా లేదు. మానిన 6 వారాలకి ఒక టీఎస్‌హెచ్ చేయించండి. సూది పరీక్షకి దానికోసం ఆగొద్దు, అది ఈ నెలలోనే అయిపోవాలి.